వెనక వరుసలో దాచిన పుస్తకం

బియ్యం డబ్బా మూత తీయగానే ఎండిన వేపాకు వాసన వస్తుంది. పురుగు పట్టకుండా అందరూ వేసుకునేదే. నాకు మాత్రం ఆ వాసనకు ఆకలి చచ్చిపోతుంది. డెబ్బైల్లో, పాతబస్తీలో నేను చదివిన ఆడపిల్లల కాలేజీ లైబ్రరీ నిండా ఇదే వాసన. లైబ్రేరియన్ మరియమ్మ మేడమ్ ప్రతి అరలోనూ వేపాకు పరిచేవారు. పుస్తకాల వీపుల మీద పేర్లు, నంబర్లు ముత్యాల్లా రాసేవారు. ఎనిమిదేళ్లుగా టెంపరరీ ఉద్యోగమే. ఈ ఏడు పర్మనెంట్ చేస్తారని ప్రతి ఏడూ ఆశపడేవారు.

మా నాన్న కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేసేవాడు. ఇంట్లో ఒక్క గది, ఏడుగురం. చదువుకోవడానికి చోటు లేక లైబ్రరీ మూసేదాకా అక్కడే కూర్చునేదాన్ని. చీటీ రాసిస్తే మేడమే పుస్తకం తెచ్చిస్తారు, మేము అరల మధ్యకు పోకూడదు. అదీ పద్ధతి. అలాంటిది ఒకరోజు నన్ను లోపలికి పిలిచి కిటికీ పక్కన బల్ల చూపించారు.

"ఈడ కూసొని సదువుకో బిడ్డా. ప్రిన్సిపాల్ సార్‌కు ఎర్కైతే నా కొలువుకే ఎసరు. ఎవ్వలకు చెప్పకు."

కార్డుల సొరుగుల్లో పుస్తకం ఎలా వెతకాలో, అర్థం కాని పేజీని ఎన్నిసార్లు చదవాలో ఆమే నేర్పారు. నన్ను అంతగా నమ్మిన మొదటి మనిషి ఆమె.

ఆఖరి సంవత్సరం ఫిజిక్సుకు మంచి పుస్తకం ఒక్కటే కాపీ ఉండేది. విదేశం నుంచి తెప్పించింది. దానికోసం ఆరుగురు పేర్లు రాయించుకున్నారు. నాది ఆఖరు పేరు. పరీక్షల ముందు అది తిరిగొచ్చిన రోజు, మేడమ్ అన్నానికి లేచినప్పుడు, ఎవరూ ముట్టని పాత ఫార్సీ పుస్తకాల వెనక దాచేశాను. రోజూ తీసి చదవడం, మళ్లీ అక్కడే పెట్టడం. మేడమ్ అరలన్నీ గాలించేవారు. "నా కండ్లు గిట్ల పోతున్నయేందే" అంటూ కళ్లద్దాలు తుడుచుకునేవారు. నేనూ ఆమె వెంట వెతికాను. అంత సిగ్గులేనిదాన్ని.

పరీక్షలు అయ్యాక దాన్ని దాని చోట్లో పెడదామనుకున్నాను. ఆఖరి పరీక్ష నాడే పుస్తకాల తనిఖీకని లైబ్రరీ మూసేశారు. నాలుగు రోజుల తర్వాత, లైబ్రరీకి ఏమీ బాకీ లేనని రాసిచ్చే నో డ్యూస్ కాగితం మీద సంతకం కోసం వెళ్లాను. లోపల ప్రిన్సిపాల్ అరుస్తున్నారు.

"తాళాలు మీ దగ్గరే ఉన్నాయి. పుస్తకం ఎవరికీ ఇవ్వలేదని రిజిస్టర్ చెబుతోంది. లోపలికి ఎవరైనా వచ్చారా?"

"ఎవ్వలు రాలే సార్."

గుమ్మం బయట నిలబడి విన్నాను. నోరు విప్పితే నా రిజల్టు ఆపేస్తారని భయం. మేడమ్ బయటికి వచ్చి నా చేతిలో కాగితం తీసుకున్నారు. "నీ పేరు మీద ఏం పుస్తకాల్లేవు బిడ్డా" అని సంతకం పెట్టిచ్చారు. తీసుకుని వచ్చేశాను. ఆ నెలలోనే ఆమె ఉద్యోగం పోయింది.

రెండేళ్లకు నాకు బడిలో ఉద్యోగం వచ్చింది. ఈ బియ్యం డబ్బా కొనడానికి బేగంబజార్ వెళ్లాను. దుకాణం మూల ఒకామె మిషన్‌తో స్టీలు గిన్నెల మీద పేర్లు కొడుతోంది. ముఖం కంటే ముందు ఆ అక్షరాలను గుర్తుపట్టాను.

"మేడమ్, ఆ పుస్తకం దాచింది నేనే."

మిషన్ ఆగింది. "ఎర్కే బిడ్డా. తాళాలు అప్పజెప్పే దినం అరలల్ల పాత యాపాకు తీస్తుంటె దొరికింది. లోపల నీ రాత ఉన్న చీటీలున్నయి. దాని జాగల వెట్టి వచ్చిన."

"మరి సార్‌కు చెప్పకపోతిరి?"

"ఏడ దొరికిందంటరు. ఎవలు వెట్టిన్రంటరు. అప్పటికి నీ రిజల్టు రాలే."

"ఇప్పుడన్న పోయి చెప్త."

"ఆ కుర్చీల ఇంకో ఆడపిల్ల కూసున్నది. ఆమెను లేపుతవా?" అని, నా చేతిలోంచి డబ్బా తీసుకున్నారు. "నీ పేరే కొట్టాల్నా?"

ఆమె కొట్టిన నా పేరు ఈ డబ్బా మీద ఇంకా చెరగలేదు. బేగంబజార్ నుంచి మా కాలేజీ పెద్ద దూరమేమీ కాదు. ఆమె వద్దన్నా పోయి చెప్పి ఉండవచ్చు. కానీ ఆమె ఆ మాట అనగానే నాకు హమ్మయ్య అనిపించింది. డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కేశాను. ఆ హమ్మయ్యకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేకపోతున్నాను.