క్వాలిటీ ఎంతుందండీ?

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేసేదాన్ని. అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. లాబ్‌లో ఉన్న అస్థిపంజరానికి మా ఆయన పాత చొక్కా తొడిగి, ఫొటో తీసి, ఆయనకే పంపించిన మనిషిని. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది పిరికితనంలోంచి పుట్టిందని ఎవరూ అనుకోకండి. పైగా ఇది జరిగింది పట్టపగలు.

మా అత్తవారిల్లు రాజోలు దగ్గర. అత్తయ్యగారు కాపురానికి వచ్చినప్పటినుంచి చర్చి క్వయర్‌లో పాడుతున్నారు. ఎప్పుడూ వెనక వరసే. కిందటేడు ఒక భక్తి చానల్ వాళ్ళు వచ్చి క్వయర్ పాట రికార్డు చేసుకెళ్ళారు. అందులో ఒక చరణం ఆవిడ ఒక్కరే పాడారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి వేస్తామని కబురొచ్చింది. తర్వాత ఫోన్లో చూపిస్తానని మా ఆయన అంటే ఆవిడ ఒప్పుకోలేదు. క్వయర్ ఆడవాళ్ళందరినీ ఇంటికి పిలిచేశారు, కుర్చీలు తెప్పించారు, కొత్త చీర కట్టుకుని వాకిట్లో మేడమెట్ల దగ్గర కూర్చున్నారు.

తీరా చూస్తే టీవీలో ఒక్క చానలూ లేదు. అంతకుముందు గాలివానకి మేడమీద డిష్ పక్కకి తిరిగిపోయింది. నెలనెలా డబ్బు కట్టక్కర్లేని పెద్ద డిష్ మాది. దాన్ని బిగించినతను ఫోన్ ఎత్తలేదు. మేడెక్కితే కళ్ళు తిరుగుతాయని మా ఆయన టీవీ ముందు స్థిరపడిపోయారు. పానా పట్టుకుని నేనే ఎక్కాను.

మొదట ఫోన్లో చెప్పుకున్నాం. సిగ్నల్ ఎనభై ఉందన్నారాయన. స్కాన్ పెట్టమన్నాను. చానళ్ళు వెతికే గీత చివరిదాకా వెళ్ళి, దొరికినవి సున్నా అని చూపించిందట. మళ్ళీ పెట్టినా అదే సున్నా. ఈలోపు పాట వచ్చేసిందా అంటూ చుట్టాల ఫోన్లు, మా మాట మధ్యలో తెగిపోవడం. విసుగొచ్చి ఫోన్ పక్కన పడేసి, మెట్ల మలుపులో నిలబడమని మా ఆడపడుచు కరుణకి కేకేశాను. మలుపులో హాల్లోకి చిన్న కిటికీ ఉంది. నా మాట ఆయనకి, ఆయన మాట నాకు అందించడం కరుణ పని. మా వైపు ఎవరింట్లో డిష్ తిప్పినా మధ్యలో ఇలా ఒక మనిషి ఉండాల్సిందే. "ఆయ్, వస్తున్నా వదినా" అని కిందనుంచి వినపడింది.

కాసేపటికి మలుపులోంచి మాట వచ్చింది. అది కరుణ గొంతు కాదు, ఎవరో పెద్దాయనది. పాట చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకరు కాబోలనుకున్నాను. పిట్టగోడ అడ్డం ఉండడంతో మనిషి కనిపించలేదు.

"స్ట్రెంత్ చూసి మోసపోకండమ్మా. క్వాలిటీ లేదండి. కాలువ వైపు కొంచెం తిప్పండి."

తిప్పాను.

"నెమ్మదండి. ఇంకొంచెం. ఆయ్, చాలండి. బిగించెయ్యండి."

బిగించాను. మళ్ళీ స్కాన్ పెట్టమని కేకేశాను. కాసేపటికి హాల్లోంచి మా ఆయన పెట్టిన అరుపుకి కొబ్బరిచెట్టు మీది ఉడుత పరుగో పరుగు. చానళ్ళు పుట్టలోంచి చీమల్లా వచ్చేస్తున్నాయట. నేను దిగేటప్పుడు మలుపులో ఎవరూ లేరు. ఆ సంబరంలో పట్టించుకోలేదు.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి కరుణ, క్వయర్ ఆడవాళ్ళు దిగారు. వాళ్ళని తీసుకురమ్మని ఫోన్ వస్తే, నాతో చెప్పే తీరిక లేక అటునుంచి అటే వెళ్ళిపోయిందట.

"చానళ్ళు వచ్చేసేయా? మరి మధ్యలో ఎవరు నిలబడ్డేరు?" అంది.

ఎవరో పెద్దాయన అన్నాను నేను. కాదన్నారు మా ఆయన. ఆయనకి వినపడింది ఆడగొంతట. "క్వాలిటీ ఎంతుందండీ?" అని కిటికీలోంచి అడిగితే, క్వయర్ ఆవిడెవరో అనుకుని, తెర మీంచి తల తిప్పకుండా సున్నా, ఇరవై, అరవై అని చెబుతూ పోయారట. అసలు తెర మీద రెండు గీతలుంటాయనీ, చూడాల్సింది కింద క్వాలిటీ అని రాసున్న గీతననీ అప్పటిదాకా ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. పైన స్ట్రెంత్ గీత చూసుకునే ఎనభై ఎనభై అని మురిసిపోయాం. మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తయ్యగారేమో, నన్ను తప్ప ఇంకెవరినీ మెట్ల మీద చూడలేదన్నారు.

నాకూ మొదట దెయ్యమే గుర్తొచ్చింది. ఒప్పుకుంటున్నాను. కానీ భయపడడానికి వ్యవధి లేదు, నాలుగైపోతోంది.

పాట వచ్చింది. తెర నిండా అత్తయ్యగారి ముఖం కనిపించగానే హాలంతా చప్పట్లు. ఆవిడ మాత్రం టీవీలోని తన గొంతుతో పాటు మెల్లగా పాడుకుంటూ కూర్చున్నారు. కళ్ళనిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు విడిగా వినడం నాకదే మొదటిసారి. ఎంత బావుందో! నాకూ ఏడుపొచ్చేసింది. కరుణ నన్ను చూసి వెక్కిరించింది.

తర్వాత అందరికీ టీలు ఇస్తుంటే, అత్తయ్యగారు ఒక గ్లాసు పట్టుకెళ్ళి మెట్ల మలుపులో పెట్టారు. మా ఆయన వద్దనబోయారు.

"దెయ్యమో దేవదూతో నాకెందుకురా. పని చేసిపెట్టేరు. టీ ఇవ్వకుండా పంపించేస్తే బావుంటుందా?" అన్నారావిడ.

ఆ టీ ఎవరూ తాగలేదు. చల్లారిపోయింది, చీమలు పట్టాయి.

ఇరుగుపొరుగు అందర్నీ అడిగాను. మా మెట్ల దగ్గరికి ఎవరూ రాలేదన్నారు. ఒక్క మనిషే అయితే మా ఇద్దరికీ రెండు గొంతులు ఎలా వినపడ్డాయి? భ్రమే అయితే మా ఇద్దరికీ తెలీని సంగతి అందులోకి ఎలా వచ్చింది? కప్ప గుండె గురించి గంటసేపు చెప్పగలను గానీ, దీన్ని మాత్రం ఏ పాఠంలోనూ ఇమడ్చలేకపోయాను. దెయ్యమే అయితే కచ్చితంగా మా వైపుదే. అంత మర్యాదగా మాట్లాడింది.

మొన్న వానలకి డిష్ మళ్ళీ కదిలింది. ఇప్పుడు క్వాలిటీ చూడడం మాకూ వచ్చు. కరుణ మలుపులో నిలబడబోతే అత్తయ్యగారు వద్దన్నారు, ఆ చోటు ఖాళీగా ఉంచమన్నారు. ఫోన్లోనే చెప్పుకుంటూ తిప్పాం. డెబ్బై వచ్చిందన్నారు మా ఆయన. పానా పెట్టి కూడా బిగించలేదు. అస్థిపంజరానికి చొక్కా తొడిగిన మనిషిని, మెట్ల వైపు తిరిగి, "బిగించెయ్యమంటారాండీ?" అని అడిగాను.

జవాబు రాలేదు. మర్యాద కోసం ఇంకాసేపు ఆగి, బిగించాను.