బియ్యప్పిండి పోర్టికో

మా కొత్త ఇంటి ప్లానులో ఏనుగు తన పిల్లలతో, అత్తగారితో సహా దిగగలిగేంత పోర్టికో ఉంది. లేనిదల్లా కారు. మాకున్నది ఒక స్కూటరు. దాని మీద నేను, మా ఆవిడ, రెండు బస్తాల కొబ్బరికాయలు, ఒక గ్యాస్ సిలిండరు అందరం కలిసి ఉడుమలైపేట బజారు దాకా వెళ్ళి క్షేమంగా తిరిగొస్తుంటాం. అయినా పోర్టికో లేని ఇల్లు మీసం లేని పోలీసులా ఉంటుందని నా గట్టి నమ్మకం.

పాత పెంకుటింటి పక్కనున్న ఖాళీ జాగాలో కొత్తది కట్టి, తర్వాత పాతదాన్ని పడగొట్టాలని అనుకున్నాం. వీధివైపు గుమ్మం పోగా మిగిలిన చోట నా పోర్టికో అయినా పట్టాలి, మా అమ్మకు తిన్నె అయినా పట్టాలి. రెండూ పట్టవు.

తిన్నె అంటే అరుగే. మోకాళ్ళు మొండికేసిన నాటి నుంచి మా అమ్మ ఎక్కడికీ వెళ్ళదు. రోజూ మూడింటికి పాతింటి తిన్నె మీద కూర్చుంటే వీధే ఆమె దగ్గరికి వస్తుంది. ఎదురింటి పిన్ని, మూలింటి అత్త కూడా చేరితే ఆ ముగ్గురి తెలుగు ఎక్కడో ఉన్న వాడిపట్టి ఊరి దాకా వినిపిస్తుంది. ఈ తమిళనాట మా వీధి పిల్లలకు బడిలో తెలుగు లేదు. వాళ్ళకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆ తిన్నె మీద నుంచి వచ్చినవే, అందులో మూడు తిట్లు.

ప్లాను చేతికిస్తే అమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"నేనెక్కడరా కూర్చునేది?"

"హాల్లో సోఫా వేస్తాం కదమ్మా."

"నన్ను చూడల్లంటే అందరూ చెప్పులిడిసి, గంట కొట్టి, లోపలికి రావల్లనా? ఎవరొస్తారు?"

చివరి మాట దగ్గర ఆమె గొంతు కొంచెం సన్నబడింది. నేను విననట్టు నటించాను. ఆ నటనకు ఏదో ఒక బహుమతి రావలసింది.

"ఈ కాగితంలో నాకు ఇల్లు కనపడదు," అంది అమ్మ. "నేల మీద గీద్దాము. తిన్నె నేను గీస్తా, నీ కారు కొట్టం నువ్వు గీసుకో. రేపు పొద్దున ఇంజినీరు వచ్చేటప్పటికి ఏ గీత నిలిచి ఉంటే దానికి కొయ్యలు కొట్టనీ. సరేనా?"

గీతలు లేచి పారిపోతాయా? రెండూ ఉంటాయి, అప్పుడు తీర్పు నాదే అనుకుని సరేనన్నాను.

ఆ ఆదివారం సాయంత్రమే పని మొదలైంది. ముగ్గురాతి పొడి డబ్బా అమ్మ ఒళ్ళో ఉంది.

"నాకు?"

"నీది పెద్ద పని కన్నూ, కారు అంటే సుమ్మానా, ఆషామాషీనా? రాతి పొడి ఎందుకు, మంచి బియ్యప్పిండి వెయ్యి. శుభం."

మురుకుల కోసం ఆడించిన పిండి డబ్బాను మా ఆవిడ ఒక్క మాట అనకుండా తెచ్చి ఇచ్చింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె ఒక్క మాట అనకుండా ఇచ్చిన వస్తువు అదొక్కటే. అప్పుడైనా అనుమానించవలసింది.

అమ్మ కుర్చీలో కూర్చుని, కుర్చీ జరిపించుకుంటూ, చాపంత తిన్నె గీసింది. నేను దాని చుట్టూ, దాని మీదుగా, విమానం దిగేంత పోర్టికో గీశాను. తర్వాత మిగతా గదులూ గీసి, అందరం ఆ గీతల ఇల్లంతా తిరిగాం.

"అయ్యో, గోడలో నుంచి వస్తారేమండీ! తలుపు అక్కడ కదా!" అని మా ఆవిడ కసిరితే వెనక్కి వెళ్ళి, లేని తలుపు తోసుకుని, లేని గడప తట్టుకుని పడ్డాను. అత్తాకోడళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

తెల్లవారి ఇంజినీరు కొయ్యలు, సుత్తి పట్టుకొని వచ్చాడు. ఆయనా మా తెలుగువాడే.

"ఏది సార్ పోర్టికో?"

చూశాను. అమ్మ తిన్నె తెల్లగా, నాలుగు మూలలతో నవ్వుతోంది. నా పోర్టికో వరుస కట్టి కొబ్బరిచెట్టు మొదట్లోకి నడిచిపోతోంది. తాలూకాలో రేషన్ కార్డున్న చీమలన్నీ హాజరు. మా ఇళ్ళలో వాకిట బియ్యప్పిండి ముగ్గు వేసేదే చీమల కడుపు కోసం. ఆ ముగ్గు పదకొండింటికల్లా మాయం కావడం పుట్టినప్పటి నుంచీ చూస్తూ, దాటుకుంటూ తిరిగిన మహామేధావిని నేను.

"అమ్మా, నీకు ముందే తెలుసు!"

"నాకేమి తెలుసురా? నీ కొట్టానికి కారు లేదు కదా, చీమలే ఎత్తుకొని పోతా ఉండాయి."

ఇంజినీరు నవ్వాపుకుంటూ టేపు పరిచాడు. ఈలోగా పిన్ని, అత్త వచ్చి ఆ గీతల మధ్య మట్టిలోనే కూర్చున్నారు. అమ్మ కుర్చీ కూడా అటే బయల్దేరింది. టీ గ్లాసు పట్టుకొని ఇంజినీరూ కూలబడబోతే, "తంబీ, అది నా చోటు, జరుగు," అంది అమ్మ.

నేనూ గ్లాసుతో వచ్చి నిలబడ్డాను. గీతల లోపల జానెడు జాగా లేదు. అందరూ నన్ను చూశారు, ఒక్కరూ జరగలేదు.

"సార్," అన్నాను ఇంజినీరుతో, "తిన్నె ఇంకో రెండడుగులు పొడుగు వెయ్యండి."