అమ్మ తవ్విన చెలమ

మా ఊళ్ళో కొత్తల పండుగ జరగకుండా మామిడికాయ ఎవరూ కొరకరు. భోపాల్‌పట్నం దాటి ఇంద్రావతి వైపు వెళ్తే చాలా ఊళ్ళలో ఇంతే. పూజారి మొదటి కాయ కోసి దేవతకు పెట్టాలి, డోలు మోగాలి, ఆ తర్వాతే పిల్లలు ఉప్పూ కారం కోసం పరిగెత్తాలి. ముందే ఎవరైనా తింటే ఆ ఏడు వానలు పోతాయనీ, పశువులకు రోగమొస్తుందనీ నమ్మకం.

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. అమ్మ గోదావరి అవతల క్రైస్తవుల ఇంట్లో పుట్టి, పెళ్ళై ఈ ఊరు వచ్చింది. నాన్న పోయాక కూడా వదిలి వెళ్ళలేదు. ఊరి దేవతకు దండం పెట్టదు, ప్రసాదం తినదు. అయినా డోలు మోగేదాకా మా పెరటి చెట్టు కాయ మాత్రం ముట్టనిచ్చేది కాదు. గాలికి రాలిన పిందె నోట్లో పెట్టుకోబోతే వీపు చీరేసేంత పని చేసేది.

"మన దేవుడు తినొద్దన్నడా ఏంది?" అని ఎదురు తిరిగేదాన్ని.

"దేవుడు ఒద్దనలే. మనం తింటే వాళ్ళకు భయమైతది. పక్కింటోళ్ళను భయపెట్టి తినేంత రుచి ఏముంది దాంట్ల?"

పక్కింటామెను అమ్మ వదినె అనేది, నేను అత్త అనేదాన్ని. మా చెట్టు కింద రాలిన కాయలు రాలినట్టే ఎండిపోవడం ఏటా దడి మీదుగా చూసేది. "మీ అమ్మ మాకంటే గట్టిగ పాటిస్తది పిల్లా" అని నవ్వేది. ఆ మాట చెబితే అమ్మ మొహం వెలిగిపోయేది. మా ప్రార్థన సంఘంలో బయటివాళ్ళను అన్యులంటారు. అమ్మ నోట ఆ మాట నేను వినలేదు. "మనోళ్ళు" అనేది.

ఆ ఏడు, పండుగకు ముందు ఆదివారం, జగదల్‌పూర్ నుంచి కొత్త బోధకుడు మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఊళ్ళో మాలాంటి ఇళ్ళు కొన్నే, అందరం మా వాకిట్లోనే కూడుకునేవాళ్ళం. అన్యులను ప్రేమించడం గురించి ఆయన చాలాసేపు చెప్పాడు. అబద్ధమెందుకు, బాగానే చెప్పాడు. తర్వాత చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, విరగకాసిన చెట్టు చూసి, ఇంకా ఎందుకు కోయలేదని అడిగాడు. అమ్మ కారణం చెప్పింది.

"అమ్మా, ఇది ప్రేమ కాదు, భయం. మీరే ఇట్లా భయపడితే వాళ్ళకు వెలుగు ఎవరు చూపిస్తారు?" అన్నాడు.

అమ్మ వద్దు వద్దంటున్నా కొమ్మ వంచి కాయలు తెంపించాడు. ఆడవాళ్ళతో మామిడికాయ పప్పు వండించాడు. పెద్దమనిషి మాట కాదనలేక కొందరు తిన్నారు, నోరూరి కొందరు తిన్నారు. అమ్మ ఉప్పు కలుపుకుని అన్నం తింది, నాకూ అదే పెట్టింది. సాయంత్రానికి బోధకుడు బండెక్కి వెళ్ళిపోయాడు. జగదల్‌పూర్‌లో ఆయన ఇంటి నీళ్ళ నల్లాకు అడ్డం పడేవాళ్ళెవరూ లేరు కదా.

సంగతి ఊరికి తెలిసి మర్నాడు పంచాయితీ పెట్టారు. ఏ చెట్టు కాయలని ఊరి పటేలు అడిగాడు. తిన్నవాళ్ళంతా మా ఇంటి వైపు చెయ్యి చూపించారు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు పటేలు అమ్మతో.

"తినలే."

"నీ చెట్టు కాయలు, నీ ఇంట్ల వండిన్రు, నువ్వు తినలే! ఎవరు నమ్ముతరు?"

అత్త ఆడవాళ్ళలో ముందే కూర్చుని ఉంది. ఏటా చూసింది చెప్తే సరిపోయేది. అమ్మ ఆమెకేసే చూస్తోంది. అత్త కొంగు ముడి విప్పి, మళ్ళీ వేసుకుంది.

కోడిని తెచ్చి దేవత ముందు తప్పయిందని మొక్కితే వదిలేస్తామన్నారు. తిన్నవాళ్ళు ఒక్కరూ మిగలకుండా వెళ్ళి మొక్కేశారు. తినని అమ్మ ఒక్కతే, మొక్కలేనంది. ఆ రోజు నుంచి మా ఇంటివాళ్ళు ఊళ్ళో ఉన్న ఒక్క బోరింగు పంపు ముట్టకూడదన్నారు.

వాగు ఎండిపోయింది. అమ్మ ఇసుకలో, మద్దిచెట్టు వేళ్ళ పక్కన చెలమ తవ్వింది. అడుగున ఊరే నీళ్ళు సొరబుర్రతో తోడి, బిందె నింపుకుని ఎండలో నడిచేవాళ్ళం. మొక్కి వచ్చిన మా సంఘంవాళ్ళు బోరింగు దగ్గర మమ్మల్ని చూసి తల తిప్పుకునేవారు. ఆదివారం మాత్రం వచ్చి అమ్మ కోసం ప్రార్థన చేసేవారు. ఆ ప్రార్థనలు వింటుంటే నాకు ఒళ్ళు మండేది.

నడివేసవిలో బోరింగు పాడైంది. ఊరంతా వాగులోకి దిగింది. ఎక్కడ తవ్వినా తడి ఇసుకే తప్ప నీళ్ళు పడలేదు. మా చెలమ తప్ప దిక్కు లేకపోయింది. మా వైపు కట్టుబాటు ప్రకారం చెలమ ఎవరు తవ్వితే మొదటి బిందె వాళ్ళది, వాళ్ళు రమ్మంటేనే మిగతావాళ్ళు ముట్టాలి. అందుకని ఖాళీ బిందెలతో దూరంగా నిలబడ్డారు. నాకు పండగలా ఉంది. అమ్మ సొరబుర్ర తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టింది.

"నువ్వు తోడుకో వదినె. ఇంట్ల పసిపిల్లలున్నరు."

అత్త వంగి తోడుతూ, మాకు మాత్రమే వినపడేలా అంది. "నువ్వు తినలేదని నాకు తెల్సు."

"మరి ఆ రోజు నోరు పడిపోయిందా?" అన్నాను నేను.

"చెప్తే బోరింగు కాడి నుంచి నా బిందె గూడ ఎత్తేద్దురు పిల్లా."

అమ్మ నన్ను కసిరింది. ఊరంతా తోడుకున్నాక మాకు బురద మిగిలింది. అది తేరేదాకా ఎండలో కూర్చున్నాం. మెకానిక్కు వచ్చేదాకా రోజూ ఇదే వరస.

బోరింగు బాగైన మర్నాడు పొద్దున వాగుకు వెళ్తూ దాని పక్కనుంచే నడిచాం. అత్త నీళ్ళు కొడుతోంది. అమ్మ ఆగింది. ఇప్పుడైనా అత్త ఏదో ఒకటి అంటుందనుకుంది పాపం. అత్త తలెత్తలేదు, బిందె నిండి పొర్లుతున్నా కొడుతూనే ఉంది.

చెలమ ఊరందరి కాళ్ళ కింద కూలి, పూడిపోయి ఉంది. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ ఇసుక తోడడం మొదలుపెట్టింది.

"రా బిడ్డా, ఈసారి కొంచెం వెడల్పు తవ్వుదాం. ఆ బోరింగు మళ్ళ పాడైతే మనోళ్ళకు ఇబ్బందైతది."

నేను ఒడ్డు దిగలేదు. దిగి ఉండాల్సిందని ఈ రోజుకీ నాకు అనిపించదు.