గుడి ద్రాక్షారసం, నా ముక్కుగుడ్డ

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, అప్పట్లో నాకు రాయడం రాదు. నలభై మీద పడేదాకా అక్షరం ముక్క తెలియదు. రెండోది, రాయడం వచ్చాక కూడా మా ఎదురింటి ఎస్తేరమ్మ బతికే ఉంది. పోయిన ఏడు ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళింది. ఇక భయం లేదు. ఈస్టరు పండగ నాడు ఒక సంఘాన్నంతా కూర్చోబెట్టి ఏడిపించిన ఘనత ఎవరిదో ఇప్పుడు చెబుతాను. నాదే.

ఎనభైల్లో మాట. సత్తెనపల్లికి బస్సు దూరంలో ఉన్న మా ఊరి గుడిలో, అందరం ఒకే గిన్నెలోంచి తాగే ప్రభు భోజన సంస్కారానికి ద్రాక్షారసం చేసేది మా అత్త హన్నమ్మ. సత్తెనపల్లి నుంచి నల్లద్రాక్ష తెప్పించేది. అది సరదాగా నోట్లో వేసుకునే రకం కాదు. ఎండ బాగా తిన్న కాయ, తోలు మందం, గింజ లావు. పండుగా తింటే మొహం చిట్లించాల్సిందే. పంచదార, నాలుగు లవంగాలు వేసి జాడీలో కూర్చోబెడితే మాత్రం మూడు వారాల్లో పెళ్ళికూతురై బయటికొచ్చేది.

ఈ పని మా అత్తకి కిరీటం. ఆ కిరీటం మీద ఎస్తేరమ్మకి కన్ను.

నా కన్ను వేరేచోట ఉండేది. దీపాల వేళ పాదిరిగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, తన ఇంటి అరుగు మీద ఆడవాళ్ళకి చదువు చెప్పేది. నీళ్ళ బిందెతో అటు వెళ్ళినప్పుడల్లా ఆ పలకల వంక చూసేదాన్ని. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు. నేను మొద్దునని అమ్మగారికి దూరం నుంచే తెలిసిపోయి ఉంటుందనుకుని ఊరుకున్నాను.

ఆ ఏడు ఈస్టరు నెల రోజులుందనగా అత్త జారిపడి చెయ్యి బెణికించుకుంది. కట్టు కట్టీ కట్టకముందే ఎస్తేరమ్మ దిగింది.

“వదినా, ఈ చేత్తో నువ్వేం చేస్తావు? జాడీ మా ఇంటికి పంపు.”

“చెయ్యే బెణికింది ఎస్తేరూ, నోరు బాగానే ఉంది. నేను చెప్తా, నా కోడలు చేసిద్ది.”

“ఈవిడా?” అని ఎస్తేరమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “మొన్న ఈవిడ కాచిన చారు పంపావుగా. తాగాను.”

అక్కడితో పంతం ముదిరింది. పని చెడితే కిరీటం వీధి దాటుతుంది. అత్త మంచం మీద నుంచి ఆజ్ఞలు మొదలుపెట్టింది.

“కాయని కడగమాక. పైన బూడిద లాంటి పొడి ఉందే, అది పోతే పులవదు. పొడిగుడ్డతో తుడువు చాలు. చేత్తో చిదుము. రోట్లో వేశావంటే గింజ నలిగి చేదొచ్చిద్ది. ఇంకోమాట, రుచి చూద్దామని వేలు ముంచావో, ఆ వేలు నీది కాదు. ప్రభువు బల్ల మీదికి పోయేదాన్ని ఎంగిలి చేస్తావా?”

ఈ ఆఖరి ఆజ్ఞ గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

మా ఎండలకి ద్రాక్షారసాన్ని బతిమాలాల్సిన పనిలేదు. రెండు రోజులు తిరక్కుండానే నురగ కక్కింది. చెవి ఆనిస్తే లోపల ఎవరో గుసగుసలాడుతున్నారు.

“అత్తా, జాడీ మాట్లాడుతుంది.”

“మాట్లాడనీ. నువ్వు తిరిగి మాట్లాడమాక.”

పండగ ముందు రోజు సాయంత్రం, మిరప కళ్ళంలో తొడిమలు తీసి ఇంటికొచ్చేసరికి అత్త కేకేసింది. “మెత్తటి పాత నూలుగుడ్డ చూసి వడగట్టు.”

ఇంట్లో అన్నిటికన్నా మెత్తటి గుడ్డ ఏది? దండెం మీద ఆరేసి ఉన్న నా వాయిలు చీర ముక్క. ఆ కాలమంతా మిరప ఘాటుకి నేను ముక్కుకి కట్టుకున్న గుడ్డ. మీరు అప్పుడే నవ్వకండి, నేనూ ఆలోచించాను. ఉతికిందే అయినా మళ్ళీ నీళ్ళలో జాడించాను. వాసన చూశాను. ఏమీ తగల్లేదు. తగలదు మరి, రెండు నెలలుగా మిరపరాశుల మధ్య కూర్చున్న ముక్కుకి ఏం తెలుస్తుంది? ఆ గుడ్డని జాడీ మూతికి కట్టి రసమంతా వడగట్టి, చివరి బొట్టు దాకా మెలిపెట్టి పిండాను. నీళ్ళకి లొంగని కారం ద్రాక్షారసానికి లొంగుతుందని అప్పుడు తెలియదు. రంగు మాత్రం అద్భుతం. అత్త సీసాని లాంతరు ముందు పట్టుకుని చూసి, “పర్లేదు,” అంది. ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడం నాకు పెళ్ళినాటి కంటే గొప్ప రోజు.

పండగ నాడు గుడి కిక్కిరిసింది. సంస్కారానికి ముందు పాదిరిగారు గట్టిగా హెచ్చరించారు. మనసులో పాపం దాచుకుని ఈ గిన్నె ముట్టినవాళ్ళకి శిక్ష తప్పదన్నారు.

మొదట మోకరించింది సంఘ పెద్ద దేవసహాయం. గుక్క వేశాడు, తియ్యగానే దిగినట్టుంది. లేచి నాలుగడుగులు వేశాక ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది, కళ్ళ వెంట నీళ్ళు. తిన్నగా మగవాళ్ళ వరసలోకి పోయి, దొడ్డిగోడ తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముడి మెడ కౌగిలించుకున్నాడు. “గోడ నీదేరా,” అన్నాడు బొంగురుగా. ఆ తమ్ముడూ వెళ్ళి తాగాడు. “కాదన్నా, నీదే,” అంటూ వచ్చాడు.

కారంలోనే బతికేవాళ్ళకి కారం తెలియలేదా అంటారేమో. అన్నంలో తగిలితే తెలుస్తుంది. మోకాళ్ళ మీద కళ్ళు మూసుకుని, పాదిరిగారి మాట చెవిలో మోగుతుండగా గొంతు భగ్గుమంటే, ఎవరి పాపం వాళ్ళకి గుర్తొస్తుంది కానీ మిరపకాయ గుర్తొస్తుందా?

నాకు మాత్రం గుక్క దిగీ దిగకముందే తెలిసిపోయింది. అది నా గుడ్డే. ఆపమని అరుద్దామంటే అప్పటికే సగం సంఘం ముక్కులు చీదుకుంటోంది. ఆఖరున పాదిరిగారు మిగిలిందంతా తాగి గిన్నె ఖాళీ చేశారు. ఆశీర్వాదానికి చెయ్యి ఎత్తారు. మాట రాలేదు. చేత్తోనే ఆశీర్వదించి పంపారు.

గుడి మెట్ల దగ్గర అత్త బాగున్న చేత్తో నా రెక్క పట్టుకుంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“పిల్లా, నీకో సంగతి చెప్పాలి.”

“ముందు నేను చెప్పాలి అత్తా.”

“నోర్ముయ్. లోపల మండిపోతుంది, నన్ను చెప్పనీ. నిన్ను చదువుకి పంపమని అమ్మగారు ఎన్నిసార్లో అడిగింది. నీకు ఇష్టం లేదంట అని నేనే చెప్పాను.”

“ఎందుకత్తా?”

“నువ్వు పలక పట్టుకు కూర్చుంటే సాయంత్రం పొయ్యి ఎవరు ఊదాలి?” అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “రేపు పొద్దున్నే నేనే తీసుకుపోయి నీ పేరు చెప్తా. ఇప్పుడు చెప్పు, నీ సంగతేంటి?”

గుడ్డ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. పలక కళ్ళ ముందుకొచ్చింది.

“ఏం లేదత్తా. నీ చెయ్యి నొప్పి తగ్గిందా అని.”

మధ్యాహ్నం ఎస్తేరమ్మ చంకలో కోడితో వచ్చింది. “వదినా, పోయినేడు మీ ఎర్రకోడిని నక్క ఎత్తుకుపోలేదు. నేనే వండాను. ఇది ఉంచుకో.”

“తెలుసులే,” అంది అత్త కోడిని అందుకుంటూ. “ఆ రోజు వాసనొచ్చింది.”

మర్నాడు పొద్దున నాకు మహా తెలివైన ఆలోచన వచ్చింది. ఎవరూ లేవకముందే ఆ గుడ్డని నీళ్ళకాగు కింద పొయ్యిలో పెట్టాను. కారం గుడ్డ కాలితే ఏమవుతుందో మీకు చెప్పాలా? మా ఇల్లు దగ్గింది, పక్కిల్లు తుమ్మింది, కొత్త కోడి గంప కిందే గంతులేసింది. అత్త దగ్గుకుంటూ వచ్చి పుల్లతో పొయ్యి కెలికి, కాలని చెంగు బయటికి లాగింది. ద్రాక్ష మరక ఇంకా ఊదాగా ఉంది. వాసన చూసి పెద్దగా తుమ్మింది.

“దీంతోనేనా వడగట్టింది?”

“అవునత్తా.”

నా పలక పొగతోపాటే పైకి పోయిందనుకున్నాను. ఇంతలో వీధి అవతల నుంచి ఎస్తేరమ్మ దగ్గుతూ కేకేసింది. “వదినా, ఏం తగలబెట్టారు?”

అత్త ఆ చెంగుని మళ్ళీ మంటలోకి నెట్టింది. “ఏం లేదు ఎస్తేరూ, కోడలు తిరగమోత మాడ్చింది. దాని వంట నీకు తెలిసిందేగా.” తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అంది. “కారమని తెలిస్తే కోడిని తిరిగివ్వమంటది. మొహం కడుక్కురా, అమ్మగారింటికి పోదాం.”

దారిలో ఆకాశం వంక చూసి ప్రమాణం చేశాను. ప్రాణం ఉన్నంతవరకూ నా ముక్కుకి కట్టిన గుడ్డని ఏ జాడీ మూతికీ కట్టను, ఆమెన్. ఈరోజుకీ ఆ మాట తప్పలేదు.

అమ్మగారు నా ఎర్రటి కళ్ళు చూసి, చదువు కోసం ఇంత ఏడ్చావా అని జాలిపడి, పలక మీద ‘అ’ రాసి దిద్దమన్నారు. కళ్ళు ఇంకా మండుతున్నాయి. ‘అ’ రెండుగా కనబడింది. రెండూ దిద్దాను.