అక్క రాసుకోని వాక్యం

సిరిసిల్లలో మా డిగ్రీ క్లాసులో అందరికంటే పెద్దది, మేమంతా అక్కా అని పిలిచే ఆమె. మొగుడి దెబ్బలు పడలేక పుట్టింటికి వచ్చేసి, పొద్దున బట్ట నేసే సాంచెల దగ్గర దారం కండెలు చుట్టి కాలేజీకి వచ్చేది. పాఠం వింటూ చున్నీ అంచు దారాలు రెండు లాగి, చూడకుండానే ముడివేయడం ఆమెకు అలవాటు.

ఆ రోజు ఇంగ్లిష్ సార్ విక్టోరియా కాలపు పల్లెటూరి నవల చెప్తున్నారు. పొలం పనికి వెళ్లే పిల్లను దొర కొడుకు మోసం చేశాడు.

"అక్కడితో ఆమె బతుకు చెడిపోయింది. రాసుకోండి," అన్నారు సార్. మేమంతా రాసుకున్నాం.

అక్క పెన్ను మూసి లేచింది. "నేను రాయ సార్. మోసం జేసింది వాడైతే చెడిపోయింది ఆమె ఎట్లయితది?"

"కూర్చోమ్మా. కథలో ఊరంతా అదే అన్నది."

"ఊరు అన్నది. మీరెందుకంటున్నరు? పోగు తెగితే సాంచె ఆపి ముడేస్తం, మల్ల నడుపుతం. బట్ట మొత్తం పారేస్తమా సార్?"

సార్ పేజీ తిప్పేశారు. గంట కొట్టేదాకా అక్క నిలబడే ఉంది. తర్వాత గుమ్మంలో మాకు అడ్డంగా నిలబడింది.

"నోట్సులు తీయుండ్రి," అంది.

ఒక్కొక్కరి నోట్సులో ఆ వాక్యాన్ని తన పెన్నుతో కొట్టేసింది. నా దాంట్లో అయితే కాగితమే చిరిగింది.