ముగ్గుపిండి చల్లిన పరిసల్

నా చిన్నప్పుడు కావేరి అంటే నాకు అనుమానం. ఊళ్ళో అందరూ ఆ ఏటికి కళ్ళు మూసుకుని దండం పెట్టేవాళ్ళు. నేనూ పెట్టేదాన్ని, కాని ఒక కన్ను తెరిచే ఉంచేదాన్ని. పుట్టుకతోనే కంగారు మనిషిని. ఈ రోజుకీ మా అబ్బాయి బెంగళూరులో పని ముగించుకుని సరిహద్దు దగ్గరి జూజువాడి దాటేదాకా ఇక్కడ హోసూరులో నాకు అన్నం దిగదు. ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నా కంగారును ఒక పనికి పిలిచిన మనిషి ఒకరున్నారని వాళ్ళకు తెలియదు.

అంచెట్టి దాటి అడవిలోకి దిగిపోతే చివర్న ఏటి గట్టు మీద ఉన్న చిన్న పల్లె మాది. పైన రాగి చేలు, ఉలవ చేలు, కింద కావేరి, అవతలి గట్టు కర్ణాటక. ఎండాకాలంలో మావైపు గడ్డి మాడిపోతే ఆవులను ఏరు దాటించి, అవతలి అడవిలో ముళ్ళకంపతో దొడ్డి కట్టి, వానలు బాగా పడేదాకా మగవాళ్ళు వంతులు వేసుకుని కాపలా ఉండేవాళ్ళు. నీళ్ళు తగ్గినప్పుడు బండల మీదుగా నడిచి దాటొచ్చు. పెరిగితే మాత్రం దారి ఒక్కటే, మా మేనత్త పరిసల్. మిగతా తెలుగువాళ్ళు దాన్ని పుట్టి అంటారట. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున తోలు బిగించిన గుండ్రటి పడవ.

మేనత్త మా నాయనకు అక్క. మామ పోయాక మా ఇంటికే వచ్చేసింది. వస్తూ తెచ్చుకున్నది ఆ పరిసల్, ఒక వల. మామ ఉన్నన్నాళ్ళు ఆమె తెడ్డు ముట్టుకున్నది లేదట. ఆయన పోయిన ఏడాదే పట్టింది. చేపలు పట్టడం, మనుషులను దాటించడం, పడవ చిరిగితే కుట్టుకోవడం, అన్నీ తనంతట తానే నేర్చుకుంది. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. మా అమ్మకూ ఆమెకూ పులుసులో ఉప్పు దగ్గర్నుంచి పొయ్యిలో కట్టె దాకా దేంట్లోనూ పడేది కాదు.

తోలు పరిసల్‌తో తంటా ఏమిటంటే, ఏట్లోంచి తీసిన ప్రతిసారీ బోర్లించి ఆరబెట్టాలి. ఆరిన తోలు పగుళ్ళు రాకుండా ఆముదం పట్టించాలి. అత్త ఆ ఆముదంలో కాస్త వేపనూనె కలిపేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఏడాది ఆమె చలిజ్వరంతో మూలుగుతూ పడుకుంటే ఆ పని మా నాయన తన నెత్తిన వేసుకున్నాడు. ఇంట్లో ఆముదం నిండుకుంది. చేపలు కోసినప్పుడు తీసిపెట్టిన కొవ్వు ఉంది కదా అని దాన్ని కాచి, తోలంతా ఎంతో శ్రద్ధగా పూసి, పెరట్లో బోర్లించి హాయిగా నిద్రపోయాడు. తెల్లారేసరికి పల్లెలో ఉన్న కుక్కలన్నీ మా పెరట్లోనే ఉన్నాయి. వెదురు బుట్ట మిగిలింది, తోలు పేలికలైపోయింది. వేపనూనె ఎందుకో అప్పుడు అర్థమైంది అందరికీ.

అత్త తిట్టలేదు. తిట్టి ఉంటే నాయనకు తేలికగా ఉండేది. ఆయన తలొంచుకుని దొడ్డి వంతుకు బయలుదేరాడు. ఏట్లో అప్పటికి మోకాలి లోతు నీళ్ళే. నేనూ వస్తానని తమ్ముడు గుక్కపెట్టి ఏడిస్తే వాణ్ణి భుజాన ఎక్కించుకుని బండల మీదుగా దాటిపోయాడు. నేను గట్టున నిలబడి వాళ్ళు అవతల అడుగు పెట్టేదాకా ఊపిరి బిగబట్టి చూశాను.

కొత్త తోలు తెచ్చి పదును చెయ్యాలంటే చాలా రోజులు పడుతుంది. హొగెనకల్ వైపు కొందరు తోలు మానేసి గోనెపట్టాకు తారు పూస్తున్నారని అత్త ఎక్కడో విని ఉంది. రోడ్డు వేసినవాళ్ళు అంచెట్టి దగ్గర వదిలేసి పోయిన తారు గడ్డలు పక్కింటి తాత చేత తెప్పించింది. గోనె సంచులు విప్పి, రెండు పొరలుగా వేసి, దబ్బనంతో కుట్టుకుంటూ వచ్చింది. ఒళ్ళింకా జ్వరపు నీరసంతోనే ఉంది. అటువంటి అడుగున్న పరిసల్ మా రేవులో ఎవరూ అప్పటిదాకా నీళ్ళలో వేయలేదు. పక్కింటి తాతయితే దాని చుట్టూ తిరిగి చూసి, ఇది వడ్లు పోసుకోవడానికి బాగుంటుందని ఎగతాళి చేశాడు.

తారు పూయడం ముగిసిన పొద్దునే ఏరు ఎర్రబడింది. పైన ఎక్కడో వానలు కురిసినట్టున్నాయి. నాయన దాటిపోయిన బండలు ఒకటొకటిగా మునిగిపోయాయి. ఆడవాళ్ళు గుడ్డలుతికే పెద్ద బండ ఒక్కటే నడుము దాకా మునిగి నిలబడి ఉంది. నేను దానివైపే చూస్తూ ఉంటే అవతలి అడవిలోంచి పొగ లేచింది. దొడ్డి నుంచి ఒక పొగ లేస్తే రాగిపిండి అయిపోయిందని లెక్క. ఇంతలో దాని పక్కనే ఇంకో పొగ లేచింది. పక్కపక్కన రెండు పొగలంటే ఆపద. నాకు తెలిసి అంతకు ముందు మా ఇంటివాళ్ళెవరూ రెండో పొగ వేసింది లేదు.

అందరం రేవుకు పరిగెత్తాం. అవతలి గట్టున నాయన, ఆయన చేతుల్లో తమ్ముడు. చేతులు, కాళ్ళు వేలాడిపోతున్నాయి. నాయన అరుస్తున్నాడు కాని ఏటి హోరులో ముక్కలే వినబడుతున్నాయి. జ్వరం అన్నాడు. కండ్లు అన్నాడు. ఇంకేదో అన్నాడు. వినబడని ఆ మాటే మా అమ్మను కూల్చేసింది. ఇసుకలో కూలబడి, అప్పటిదాకా మాట కలవని ఆడబిడ్డ కాళ్ళు పట్టుకుంది.

"వదినా, తోసెయ్ నీళ్ళలోకి! ఆడ నా బిడ్డ పోతా ఉండాడు!"

"తోస్తాను. చూసి తోస్తాను," అంది అత్త.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కింటి తాతకు కూడా మండినట్టుంది, ఇంకేం చూస్తావని కసిరాడు. కొత్తగా బాగుచేసిన పరిసల్‌ను మొదట ఒంటరిగా ఎక్కాల్సింది బాగుచేసినవాళ్ళే. అది మా రేవు ఆనవాయితీ. కాబట్టి ఆమె ప్రాణం కోసం ఆమె జంకుతోందని గట్టున ఒకరిద్దరు గొణిగారు. అత్త వినిపించుకోలేదు. ఇంట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెమ్మని నన్ను తరిమింది. తమ్ముడు అవతల అలా ఉంటే ముగ్గేమిటని ఏడుస్తూనే పరిగెత్తి తెచ్చాను.

పరిసల్‌ను బోర్లించి, ఇంకా కాస్త జిగటగా ఉన్న తారు మీద ఆ పిండి అంతా సమంగా చల్లింది. నల్లటి అడుగు తెల్లగా మారిపోయింది. తరువాత అందరూ పట్టి దాన్ని వెల్లకిలా తిప్పి, మూడు పెద్ద రాళ్ళ మీద నిలబెట్టారు. లోపల బిందెలతో నీళ్ళు పోసి, ఆ నీళ్ళు అన్ని వైపులకూ పోయేట్టు మెల్లగా అటూ ఇటూ వంచుతూ నన్ను పిలిచింది.

"కిందికి దూరి పండుకో, పాపా. తెల్లది యాడ నల్లబడినా చెప్పు. ఈగ తలకాయంత అయినా చెప్పు."

దూరాను. కింద తారు వాసన, పైన నా ముక్కుకు జానెడు ఎత్తులో తెల్లటి ఆకాశంలాంటి అడుగు, చెవుల్లో అమ్మ ఏడుపు. అయినా కళ్ళను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు, మళ్ళీ వెనక్కు నడిపించడం మొదలుపెట్టాక ఒక చిత్రం జరిగింది. నా ఏడుపు ఆగిపోయింది. భయం పోలేదు, అది నాతోపాటే పడుకుని అడుగువైపు చూస్తోంది. పక్క నుంచి ఎవరో ఇంకా కాలేదా, ఇంకా కాలేదా అంటున్నారు. నాకూ "లేదత్తా, తడి లేదు" అని అరవాలనే ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

అప్పుడు కనిపించింది. రెండు సంచులు కలిసే కుట్టు పక్కన, ఆవగింజంత చుక్క. కళ్ళు నులుముకుని చూశాను. చూస్తూ ఉండగానే అది మెంతి గింజంత అయింది.

చెప్తే మళ్ళీ నీళ్ళు వంచాలి, తారు కాచాలి, పూయాలి, ఆరాలి. అంతసేపూ తమ్ముడు అవతలే ఉండాలి. చెప్పకపోతే ఇప్పుడే బయలుదేరొచ్చు. ఇంత చిన్న చుక్క ఏం చేస్తుందిలే అనిపించింది. ఆ ఆలోచన ఎంతసేపు ఉందో నాకు తెలియదు. కాని ఆ చుక్క నా కంటి ముందే ఇంకా పెద్దదవుతుంటే నాకు ఎర్రనీళ్ళ నడుమ అత్త కనిపించింది. "అత్తా, ఈడ! ఈడ తడి!" అని గొంతు చించుకుని అరిచాను.

గట్టున ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ఉసూరుమన్నారు. అమ్మ నావైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేను. అత్త మాత్రం చెయ్యి కిందికి చాచి, నా వేలు పట్టుకుని, ఆ వేలు పెట్టిన చోటే గోటితో గీత గీసింది. పరిసల్‌ను మళ్ళీ బోర్లించాక చూస్తే ఆ కుట్టు దగ్గర గోనె పోగులు తెగి, తారు పైపైన మాత్రమే అంటుకుని ఉంది. అత్త గట్టిగా అదిమేసరికి ఆమె బొటనవేలు లోపలికి దిగిపోయింది. ఆ వేలు చూసి పక్కింటి తాతే పోయి పొయ్యి రాజేశాడు.

రెండో అతుకు వేసి, తారు పోసి, మళ్ళీ పిండి చల్లి, మళ్ళీ నన్ను కిందికి పంపింది. ఈసారి అమ్మ కూడా వంగి నా పక్కన తల పెట్టి చూసింది. తెల్లగానే ఉంది.

పరిసల్‌ను నెత్తిన మోసుకుని అందరూ గట్టు వెంట చాలా దూరం పైకి నడిచారు. అంత పైన వేస్తేనే ప్రవాహం కొట్టుకుపోయినా అవతల మా దొడ్డి ఎదుట చేరుతుంది. అత్త ఒక్కతే ఎక్కింది. నడిమధ్య నీటిలో అది గిర్రున తిరిగింది, రెండుసార్లు ఆమె తల కనిపించకుండా పోయింది. నేను చూడడం మానలేదు. అవతల నాయన కూడా ఎక్కబోతే ఆమె వద్దంది. కొత్త అడుగు మీద ఆ బరువు పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. తమ్ముణ్ణి చీర కొంగుతో తన పొట్టకు కట్టుకుని తిరిగి వచ్చింది. నాయన ఆ గట్టునే నిలబడిపోయాడు, వాళ్ళు ఇవతల ఇసుక తాకేదాకా చేతులు జోడించుకునే ఉన్నాడు.

తమ్ముణ్ణి భుజాలు మార్చుకుంటూ అంచెట్టి డాక్టరు దగ్గరకు మోసుకుపోయారు. జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయట. వాడు బతికాడు. ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకుని నా ఇంటికి వచ్చి, నా కంగారు చూసి అందరికన్నా ఎక్కువ నవ్వేది వాడే.

వాడు లేచి గంజి తాగిన రోజు నేను అత్తను అడిగాను. నువ్వే కింద పడుకుని చూసుకోవచ్చు కదా, నన్నెందుకు చూడమన్నావని. ఆమె వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"నాకు ఎప్పుడు తోస్తామా అని తొందరగా ఉండె. నేను చూసుంటే తడి లేదనే చూసుందును. మీ అమ్మ చూసినా అంతే. నీకు నీళ్ళంటే నమ్మకం లేదు పాపా. అందుకే నీ కన్ను అడిగినాను. ఆ కన్ను మీదనే ఎక్కినాను."

అప్పటిదాకా నా పిరికితనాన్ని అందరూ పోగొట్టాలనే చూశారు. ఏం కాదులే అనేవాళ్ళు, ఊరుకో అనేవాళ్ళు, వెక్కిరించేవాళ్ళు. దాన్ని నమ్మి పడవ ఎక్కిన మనిషి ఆమె ఒక్కతే. ఆ మాట విన్నప్పుడు నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువ వేసింది, చెప్పకుండా ఉండి ఉంటే అని. ఆ భయం ఇంకా ఉంది. దాన్ని పోగొట్టుకోవాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మా ఇంట్లో పిల్లలు భయంగా ఉందంటూ నా దగ్గరకు వస్తారు. స్కూల్లో ఎవరో, బస్సులో ఎవరో, ఒంట్లో ఏదో. నేను ఏం కాదులే అనను. యాడ, చూపించు అంటాను. పక్కన కూర్చుని వాళ్ళు వేలు పెట్టిన చోటే చూస్తాను. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. ఒక్కోసారి ఉంటుంది.