ఏడో నంబరు చిరుమాను

గోదావరిఖని దగ్గరి ఒక గనిలో, కట్టెల యార్డులో నాకు ఉద్యోగం ఇస్తున్నారన్న కబురు మొదట తెచ్చింది మా క్వార్టర్ల వరుసలో ఉండే మల్లవ్వ. డెబ్బయ్యో దశకం మొదట్లో ఒక ఎండాకాలం. "లెవ్వు బిడ్డ, ఏడ్సింది సాలు. సూపరింటెండు సారు నిన్ను రమ్మన్నడు" అంది. మా ఆయన పోయి అప్పటికి ఐదు నెలలు. నేను బడి గడప తొక్కలేదు. రాత, లెక్క మంథనిలో మా నాన్న ఇంట్లోనే నేర్పాడు. సర్టిఫికెట్ అన్నదే లేదు. అయినా సూపరింటెండెంటుగారు నాతో ఒక పేజీ రాయించి చూసి, టాలీ క్లర్కుగా పెట్టుకున్నారు. ఆనాటి నుంచి ధర్మపురి నరసింహస్వామికి దీపం పెట్టినప్పుడల్లా స్వామి పేరు తర్వాత ఆయన పేరే తలచుకునేదాన్ని.

గనిలో పైకప్పు కూలకుండా నిలబెట్టే కట్టెలను ప్రాపులంటారు. లారీలో వచ్చిన ప్రతి లాటుకూ ఒక నంబరు ఉండేది. ఆ నంబరు సుత్తితో ప్రతి ప్రాపు మొదలు మీద ముద్ర కొట్టించి, రిజిస్టరులో ఎక్కించడం నా పని. ఏడో లాటు చిరుమాను అనే అడవి చెట్టు కట్టె. రెండు వానాకాలాలు యార్డులోనే పడి ఉండటంతో నడుమ పురుగు తొలిచింది. తట్టి చూస్తే డొల్ల చప్పుడు. దాన్ని కిందికి దించవద్దని రాసి, పక్కన పేర్పించి, సూపరింటెండెంటుగారి సంతకం తీసుకున్నాను.

ఆ చలికాలంలో కింద కప్పు కూలింది. అక్కడ ప్రాపులు నిలబెట్టే టింబర్‌మన్ ఓదేలు. చనిపోయింది అతని సొంత బామ్మర్ది. విరిగిన ప్రాపు చాలా భాగం బండల కిందే ఉండిపోయింది. బయటికి తీయగలిగిన ముక్కలు, ఎప్పటిలాగే, యార్డుకు తిరిగి వచ్చి కుప్పలో పడ్డాయి.

నాలుగో రోజు సూపరింటెండెంటుగారు పిలిచారు. బదిలీ మీద వెళ్తున్న పెద్ద అధికారికి పొగాకు పైపు చెక్కించి ఇవ్వాలట. తిరిగొచ్చిన కుప్పలో మంచి ముక్క ఏరమన్నారు. "కట్టె సంగతి నీకంటే ఎవరికి తెలుసమ్మా" అన్నారు. ఆ మాటకు పొంగిపోయాను.

వడ్రంగి కనకయ్యకు అదే మొదటి పైపు. "నోట్లె పెట్టుకునే దానికి గింత పంచాయితా అక్క? గా సారుకు ఓ చుట్ట ఇయ్యరాదు" అని నవ్వాడు. పంచాయితీ ఉంది మరి. టేకులో నూనె ఉంటుంది. నిప్పు తగిలితే ఆ వాసన పొగలో కలుస్తుంది. ఏగిస కట్టె తడికి రంగు వదులుతుంది. చిరుమాను నార సన్నం, గట్టిది, కానీ పచ్చిగా చెక్కితే పగులుతుంది. బాగా ఆరిన చేవ కావాలి. అంచునుండే తెల్ల కట్టె పనికిరాదు. పిడికిట్లో పట్టుకుంటే బరువు తెలియాలి. కోసిన ముఖం మీద నీళ్లు చల్లి తుడిస్తే, సన్న పగులున్న చోట తడి గీతలా నిలుస్తుంది.

కుప్పంతా తిరగేసి ఒక మొదలు ముక్క తీశాను. ఒక చివర విరిగి పేళ్లు లేచి ఉంది. రెండో చివర ఒక్క పగులూ లేదు. నీళ్లు చల్లి తుడిస్తే ముద్ర తేలింది. ఏడు. పాత లాటు, అందుకే ఇంత బాగా ఆరింది అనుకున్నాను. పక్కన పెట్టించిన కట్టె కిందికి ఎలా పోయిందని అనుకోలేదు. నా కన్ను పైపు మీదే ఉంది. కనకయ్య ముద్ర ఉన్న బిళ్లను రంపంతో కోసి, చాయ్ కాగుతున్న పొయ్యిలో వేశాడు.

వారం తర్వాత విచారణ. ప్రాపు డొల్లదని ఓదేలు అన్నాడు. బిగించడం చేతకాలేదని పైవాళ్లు అన్నారు. ప్రాపు మొదలు చూస్తే ఏ లాటుదో తేలేది, కానీ అది దొరకలేదు. నేను ఏరి ఇచ్చింది ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. సూపరింటెండెంటుగారు ఎదురుగానే కూర్చున్నారు. ఆయన తెలిసి అడిగారో, తెలియక అడిగారో ఈనాటికీ చెప్పలేను.

ఓదేలు నా వైపు తిరిగాడు. "అక్క, ముద్రలన్నీ నీ చేతుల మీదకెల్లే పోతయి. నువ్వు జెప్పు. గది ఏ లాటుది?"

పురుగు తొలిచిన ఏడో లాటు పక్కన పెట్టినట్టు రిజిస్టరులో ఉందన్నాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అన్నం పెట్టిన మనిషి ముందు అంతకు మించి నోరు రాలేదు. దాన్ని కృతజ్ఞత అనుకున్నాను. పేర్చిన లాటును లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం నేనే పోయి లెక్కపెట్టాను. తక్కువే ఉన్నాయి. ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు.

ఓదేలును పనిలోంచి తీసేశారు. కొడుకును పొట్టన పెట్టుకున్నవాడని అత్తవారు గడప తొక్కనివ్వలేదు. ఊరు విడిచి పోయేముందు అతను యార్డుకు వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను.

"కూసో అక్క. నువ్వు అబద్ధమాడలే" అన్నాడు. "గా మాట నా పెండ్లానికి జెప్తే, తమ్ముడు లేచొస్తడా?"

పైపు బాగా కుదిరిందని, ఎంత కాల్చినా పొగకు చేదు రాలేదని ఆ పెద్ద అధికారి ఉత్తరం రాశారు. సూపరింటెండెంటుగారు నాకు చదివి వినిపించారు. నేను దండం పెట్టాను.

పదవీ విరమణ దాకా, కింది నుంచి తిరిగొచ్చిన ఏ కట్టెనూ దాని ముద్ర రాసుకోకుండా కోయనివ్వలేదు. మంచి పద్ధతి అని నన్ను మెచ్చుకున్నారు. నేను నేర్చుకున్నది అది కాదు. నా కృతజ్ఞత నేను ఓదేలు బతుకుతో తీర్చుకున్నాను. దీపం దగ్గర సూపరింటెండెంటుగారి పేరు తలచుకోవడం ఎప్పుడో మానేశాను. ఓదేలు పేరు తలచుకుందామంటే నాకు నోరు రాదు. ఇది చదివిన మీరు తలచుకోండి. ఆ ప్రాపును ఓదేలు సరిగానే నిలబెట్టాడు.